పాత సామాను – పన్ను భయము



ఉక్కునగరమునందలి క్వార్టరు ఖాళీచేసి స్వగ్రామమునకు మరలనున్న మా బావగారు మొన్న మిక్కిలి దిగులుతో నుండిరి. టేకు మంచము, కుట్టుమిషను, బీరువా, వీని ఫోటోలను మా మేనల్లుడు ఫోనులో నుంచగా గాజువాకవారు వచ్చి కొనిరి. సొమ్ము బ్యాంకు ఖాతాలో పడెను. “పన్నువారి నోటీసు వచ్చునేమోయి?” అని బావగారి భయము.

రాదంటిని. స్వంత వాడుకకై యుంచుకొన్న ఇంటిసామాను మూలధనపు ఆస్తి కాదని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము చెప్పినది. 2025 నాటి చట్టమును అట్లే యుంచినది. ఇరువదియేండ్లు పండుకొన్న మంచముపై లాభమేమున్నది, నడుమునొప్పి తక్క! వ్యాపారము కాదు గనుక జి.ఎస్.టి.యు లేదు. పాతవి కొని లాభమునకు అమ్ముచుండువారి మాట వేరు.

అంతలో మా అక్కగారు తన అత్తగారి కాసులపేరు తెచ్చి, “ఊరిలో ఇంటికప్పుకై దీనిని గూడ అమ్మెదము. ఇదియు ఒంటిమీది వస్తువే గదా?” అనెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. నగలు, చిత్రపటములు, శిల్పములు ఆ మినహాయింపులో చేరవు. లక్ష్మీపూజయందుంచు బంగారు వెండి నాణెములు స్వంత వాడుకవేయని ధోల్పూరు మహారాజుగారు వాదించినను, 1976లో సుప్రీంకోర్టు అంగీకరింపలేదు.

అయినను పన్ను అమ్మిన మొత్తముపై గాదు, లాభముపైననే. రెండేండ్లు దాటిన నగకు, పైపన్నులు గాక, నూటికి 12.5 వంతు. 2001కి పూర్వపు నగయైనచో ఆ సంవత్సరము ఏప్రిల్ 1 నాటి విలువను కొన్నవెలగా చూపవచ్చును.

బావగారు మంచము కొన్నవారికి చీటి వ్రాయుచుండిరి. అక్కగారు కాసులపేరు తూకపుచీటికై పెట్టె వెదకుచుండెను.