ఎల్లకు ఇరువైపుల

ఆడికృత్తిక వచ్చినదన్న మా పుత్తూరు రైలుస్టేషనులో కాలు మోపుటకు చోటుండదు. పసుపుబట్టలు ధరించి, పూలకావళ్ళు భుజమున కెత్తుకొని జనులు తిరుత్తణి కొండకు బయలుదేరుదురు. పెట్టెలో ఒక మూల తెలుగు, ఒక మూల తమిళము. ఒకే యింటివారి నోట రెండును. ‘హరోహర’ యను కేక ఏ భాషదని యెవ్వరును అడుగరు. నగరి దాటిన కొంతసేపటికి రాష్ట్రము మారును. అంతయు గంటలోపు ప్రయాణమే. కాని ఆ కొద్దిపాటి దూరములో, రెండు జాతుల మనస్సులను చాలకాలము నొప్పించిన గీత యొకటి యున్నది. దానినిగూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

పొలిమేరను మనము ‘ఎల్ల’ యందుము. తమిళులు ‘ఎల్లై’ యందురు. మాట ఒక్కటే. ఒకప్పుడు పుత్తూరు, తిరుత్తణి రెండును కార్వేటినగరము జమీందారిలోనివి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు రెండును అందు చేరినవి. పుత్తూరు ఆడపడుచును పళ్ళిపట్టున కిచ్చుటయు, తిరుత్తణి పిల్లను నగరి కోడలిగా తెచ్చుకొనుటయు నాడు విశేషములు కావు, నేడును కావు.

ఆంధ్రులకు ప్రత్యేకరాష్ట్రము కావలెనని పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19వ తేదీన చెన్నపట్టణములోని మైలాపూరున, బులుసు సాంబమూర్తిగారి యింట నిరశనవ్రతము పూనిరి. డిసెంబరు 15వ తేదీ రాత్రి అసువులు బాసిరి. ఆ వార్త విన్న ఆంధ్రదేశము అట్టుడికిపోయెను; పోలీసు కాల్పులలో పలువురు మరణించిరి. 1953 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రము వచ్చినది. చెన్నపట్టణము మాత్రము రాలేదు. తరతరములుగా అచ్చట అచ్చుకూటములు, బడులు, సభలు నెలకొల్పుకొన్న తెలుగువారికి అది యింటిపెద్ద పోయినంత దుఃఖమైనది.

అదే కాలమున ఎల్లకు ఆవల వేరొక దుఃఖము రగులుచుండెను. తమిళదేశమునకు ఉత్తరపు టెల్ల వేంకటమని తొల్కాప్పియపు పాయిరము చెప్పుచున్నది. ఆ కొండను పాడిన ఆళ్వారుల పాశురములు తమిళములో నున్నవి. అట్టి వేంకటాద్రియు, తిరుత్తణియు, చిత్తూరు జిల్లా యావత్తును ఆంధ్రరాష్ట్రమున చేరగా వారి మనస్సు చివుక్కుమనెను. మ. పొ. శివజ్ఞానముగారు, తిరుత్తణి ప్రాంతమున మంగళంకిళార్‌గారు ఉత్తరపు టెల్లకై ఉద్యమము నడిపిరి. అనేకులు చెరసాలల కేగిరి. అందు ప్రాణములు కోల్పోయిన వారిని అచ్చటి ప్రజలు నేటికిని స్మరించుచున్నారు.

తుదకు హెచ్. వి. పటాస్కరుగారి మధ్యవర్తిత్వమునకు ఇరు ప్రభుత్వములు సమ్మతించినవి. గ్రామమును ప్రమాణముగా గ్రహించి, భాషను, ఆనుకొనియున్న భూభాగమును పరిశీలించి ఆయన తీర్పు చెప్పిరి. 1959లో పార్లమెంటు చట్టము చేసినది. 1960 ఏప్రిల్ 1వ తేదీన అది అమలునకు వచ్చినది. తిరుత్తణి తాలూకాలో అధికభాగము, పుత్తూరు, చిత్తూరు తాలూకాలలోని కొన్ని గ్రామములు నాటి మద్రాసు రాష్ట్రమునకు పోయినవి. చెంగల్పట్టు జిల్లానుండి సత్యవేడు ప్రాంతము మనకు వచ్చినది.

శ్రోతలు ఒక్క విషయము గమనింపగోరెదను. మన యిండ్లలో పెద్దలు ఈ కథ చెప్పునపుడు, ‘చెన్నపట్టణము పోయినది, తిరుత్తణి పోయినది’ అందురు. సత్యవేడు వచ్చినదన్న మాట ఆ కథలో అరుదుగా వినబడును. ఆవలివారు ‘తిరుపతి పోయినది, చిత్తూరు పోయినది’ అందురు. చెన్నపట్టణము తమకు మిగిలినదన్న మాట వారి కథలోను అరుదే. రావలసిన బాకీలు మాత్రము వ్రాసి, చెల్లింపవలసినవి వ్రాయని వర్తకుని చిట్టావలె నున్నది మన యుభయుల జ్ఞాపకము. ఆ చిట్టానే ఆస్తిగా పిల్లల కప్పగించుచున్నాము.

సర్వేపల్లి రాధాకృష్ణగారు 1888లో తిరుత్తణిలో తెలుగింట జన్మించిరి. 1962లో వారు రాష్ట్రపతి పదవి నధిష్ఠించునాటికి ఆ యూరు రాష్ట్రము మారి రెండేండ్లైనది. ఆయన మావాడని ఇరువురమును చెప్పుకొందుము. కీర్తిని పంచుకొనుట మనకు చేతనైనది. బాధను పంచుకొనుట ఇంకను నేర్వవలసియున్నది.

ఇది గతించిన తగవు గదా, ఇప్పుడు తవ్వుట యెందులకని యడుగువారు ఉండవచ్చును. పాతచిట్టా ఎప్పుడు తెరువబడునో చెప్పలేము. 2013 డిసెంబరులో శేషాచలము అడవులలో ఎఱ్ఱచందనము దొంగల చేతిలో ఇద్దరు అటవీశాఖ యుద్యోగులు హతులైరి. 2015 ఏప్రిల్ 7వ తేదీన అదే అడవులలో, తమిళనాడునుండి వచ్చిన యిరువదిమంది పోలీసుల తుపాకులకు బలియైరి. ఆత్మరక్షణకై కాల్చితిమని పోలీసులనిరి. హక్కుల సంఘములు ఆ మాట నంగీకరింపలేదు. దాని న్యాయాన్యాయములు ఈ ప్రసంగమునకు విషయము కావు. ఆ దినములలో మన నోట వచ్చిన మాటలే విషయము. ఇచ్చట, ‘తమిళకూలీ యన్న దొంగయే’ యనిరి. అచ్చట తెలుగువారందరును హంతకులన్నట్లు మాటాడిరి. ఏ పాపమెరుగని ప్రయాణికులున్న ఆంధ్ర బస్సులపై రాళ్ళు పడినవి. హతుడైన యుద్యోగి యిల్లాలికిగాని, కూలికై అడవి కేగి మరల రాని కొండవాని యిల్లాలికిగాని ఆ మాటలవలన ఒరిగినదేమియు లేదు.

జర్మను తత్త్వవేత్త కార్ల్ యాస్పర్సు 1946లో, తన దేశము ఘోరకృత్యము లొనర్చి ఓడిపోయిన వెంటనే, దోషమును నాలుగు విధములుగా విభజించి చూపినాడు. వానిలో రెండు మనకు ముఖ్యములు. నేరము చేసినవాని కంటునట్టిది. దానిని న్యాయస్థానము విచారింపవలెను. అది జాతి కంటదు, బిడ్డల కంటదు. కాని ఒక రాజ్యములో పౌరుడైనవానికి ఆ రాజ్యము చేసిన పనులయెడ బాధ్యత యుండును. ఈ భేదమును మనము గ్రహించితిమేని సగము తగవు తీరును. పుత్తూరు తెలుగువాడు శేషాచలపు కాల్పులకు నేరస్థుడు కాడు. కాని తన ప్రభుత్వము చేసిన పనిపై న్యాయముగా విచారణ జరుగవలెనని కోరుట అతని బాధ్యత. అధికారులను చంపినవారియెడ ఆవలివారికిని అట్టి బాధ్యతయే కలదు.

మరి క్షమ యెట్లు పుట్టును? దూరదేశపు ఉదాహరణ మొకటి చెప్పెదను. మన యెల్ల తగవును ఆ మారణహోమముతో పోల్చుట నా యుద్దేశము కాదు. జర్మనుల దురాక్రమణలో పోలండు లక్షలాది ప్రజలను కోల్పోయెను. యుద్ధానంతరము ఎల్లలు మారగా, లక్షలాది జర్మనులు తమ యిండ్లు విడిచి పోవలసివచ్చెను. 1965 నవంబరులో పోలండు బిషప్పులు జర్మను బిషప్పులకు ఒక లేఖ వ్రాసిరి. తాము క్షమించుచున్నామనుటతో ఊరకొనలేదు. తమను క్షమింపుడనియు కోరిరి. అధికముగా నష్టపోయినవారే ముందు క్షమాపణ కోరుట యేమని వారి ప్రభుత్వమే మండిపడెను. అయినను ఆ లేఖ దారి చూపినది. 1970 డిసెంబరు 7వ తేదీన జర్మను ప్రధాని విల్లీ బ్రాంట్ వార్సాలో, హతులైన యూదుల స్మారకము నెదుట మోకరిల్లెను.

ఎదుటివాని నష్టమును మన నోటితో చెప్పుటయే క్షమకు మొదటి మెట్టని ఆ లేఖ నాకు బోధపరచినది. మరచిపోవుట క్షమ కాదు. న్యాయమును వదలుకొనుటయు కాదు. చనిపోయినవారి పక్షమున క్షమించు నధికారము వారి యింటివారికే కలదు, మనకు లేదు. వారి పేర పగ సాధించు నధికారమును మనకు లేదు.

ఇది మాటలతో తీరునది కాదు గనుక ఒక పని చెప్పెదను. మాతృభాషలో ప్రాథమికవిద్య గరపు సౌకర్యము అల్పసంఖ్యాక భాషావర్గముల బిడ్డలకు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350ఎ అధికరణము చెప్పుచున్నది. 2006లో తమిళనాడు ప్రభుత్వము బడులలో తమిళమును నిర్బంధము చేసినపుడు, తెలుగు బిడ్డల గతి యేమని మనము వాపోతిమి. అది న్యాయమైన బాధయే. అదే నోటితో, నగరిలో, సత్యవేడులో, చిత్తూరులో తమిళము మాటాడు బిడ్డ తన భాషలో చదువుకొనుటకు మనమేమి చేసితిమని యడిగితిమా? అడిగిననాడు మన మాటకు ఎల్లకావల బలము వచ్చును.

చేయలేని జాతులము కాము. 1983లో ఇరు రాష్ట్రములును తెలుగుగంగ ఒడంబడిక చేసికొన్నవి. 1996లో కృష్ణాజలములు కండలేరునుండి కాలువవెంట సాగి, ఎల్ల దాటి పూండి జలాశయము చేరినవి. ఏ పట్టణము కొరకు కలహించితిమో ఆ పట్టణపు దాహము తీర్చుటకు, తన చేను ఎండిన రాయలసీమ గుండా ఆ నీరు పోవుచున్నది.

మా పుత్తూరు దగ్గర ఎముకలు విరిగినవారికి కట్టు కట్టుదురు. తమిళనాడునుండియు అనేకులు వత్తురు. ఆకుపసరు పూసి వెదురుబద్దలు పెట్టి కట్టుటకు ముందు, కట్టువాడు విరిగినచోటును వ్రేళ్ళతో తడవి చూచును. రోగికి అప్పుడు నొప్పి కలుగును. తడవకుండ కట్టిన ఎముక వంకరగా అతుకును. వచ్చే ఆడికృత్తికకు తిరుత్తణి రైలెక్కువారు ప్రక్కనున్న తమిళ వృద్ధుని, ‘మీ రేమి పోగొట్టుకొన్నారు తాతా?’ అని యడుగుదురుగాక. ఆయన చెప్పినది తుదివరకు విని, ఇంటికి వచ్చి తమ పిల్లలకు చెప్పుదురుగాక.