సార్టాన్ మాత్రలన్నియు ఒక్కటి కావు



రక్తపుపోటు మాత్రలలో పేరు చివర ‘సార్టాన్’ అని యున్నవన్నియు ఒక్కటేనని మనలో పలువురము తలంచుచున్నాము. వంశ మొక్కటే గాని, గుణములు వేరు.

మన దేహమున పుట్టు యాంజియోటెన్సిన్ అను హార్మోను రక్తనాళములను బిగియజేయును. అది పోయి చేరవలసిన గ్రాహకములను ఈ మందులు ముందుగనే ఆక్రమించును. అందుచే పోటు తగ్గును. అమెరికాలో 1995లో అనుమతి పొందిన లోసార్టాన్ వీనిలో మొదటిది. అది యూరిక్ ఆమ్లమును సైతము కొంత తగ్గించును. టెల్మిసార్టాన్ విశేషము వేరు. రక్తములో అది సగమగుటకు సుమారు 24 గంటలు పట్టును గనుక, ఒక్క మాత్ర మరునాటివరకు పనిచేయును. అది పిత్తముతో వెలువడును గనుక కాలేయవ్యాధి గలవారు జాగరూకులై యుండవలెను.

పేరు చివర ‘ప్రిల్’ గలవి ఆ హార్మోను పుట్టుకనే అడ్డగించును. కొందరికి పొడిదగ్గు తెచ్చును. రామిప్రిల్, టెల్మిసార్టాన్ కలిపి వాడినచో మేలు హెచ్చదనియు, మూత్రపిండములకు చేటు హెచ్చుననియు 2008లో వెలువడిన ఆన్‌టార్గెట్ పరిశోధన తేల్చినది. గర్భిణులు ఈ రెండు తెగల మందులను వాడరాదు.

చీటీపై నున్నది మన లిపి కాదు. కావున మాత్ర పేరును, మోతాదును ఇంటి పెద్దలు చదువుకొనునట్లు తెలుగున వ్రాసి యుంచుదము. పొరుగువారి మాత్రను మ్రింగుట, వైద్యు నడుగక మందు మార్చుట మానుదము.