నీవెక్కడ ఉన్నావు?



అరకు కొండల సర్వే ఆఫ్ ఇండియా పటము ఎప్పుడైనా చూశారా? 1:50,000 పటములో 2 సెంటీమీటర్లు అంటే నేలమీద 1 కిలోమీటరు. గోధుమరంగు గీతలు సమానమైన ఎత్తులను చూపును. అవి దగ్గర దగ్గరగా ఉన్నచోట కొండ నిటారుగా ఉండును. కాలిబాటలు కూడా అందులో ఉండును. అయితే దారి తప్పినవాడు తానున్న చోటు గుర్తించలేకపోతే ఆ పటము వలన ప్రయోజనమేమి?

మన చేతిలో పరిశుద్ధ గ్రంథమున్నది. ఏదెనులో దాగిన ఆదామును దేవుడు మొదట అడిగినది అతడున్న చోటునే (ఆదికాండము 3:9). తనకు తెలియక కాదు, అతడు ఒప్పుకొనవలెనని.

సహోదరుడా, సహోదరీ, నీవు రహస్య పాపములో ఉన్నావా? తోబుట్టువుతో మాటలు మానుకొని ఉన్నావా? ఈ రాత్రే దాచక ప్రభువుతో చెప్పుము. మార్గమైన యేసు నీవున్న చోటికే వచ్చి నీ చెయ్యి పట్టుకొనును. ఆమేన్.