వంకర పోయిన వెలుగు గీత

హైదరాబాదు లుంబినీ పార్కులో లేజర్ షో చూసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. చీకట్లో రంగురంగుల గీతలు బొమ్మలై కదులుతుంటాయి. ఇలాంటి గీతల బొమ్మల్లో ఒక తమాషా ఉంది. ఏ క్షణాన చూసినా తెర మీద ఉండేది ఒక్క చుక్కే. ఆ చుక్క ఒకే దారిలో సెకనుకు పాతిక, ముప్పైసార్లు పరుగెత్తేసరికి మన కన్ను దాన్ని గీతగా నమ్మేస్తుంది.

చుక్కను పరుగెత్తించేవి గోరంత అద్దాలు రెండు. ఒకటి కిరణాన్ని అడ్డంగా తిప్పుతుంది, రెండోది నిలువుగా. ఒక్కో అద్దం ఒక్కో బుల్లి మోటారు ఇరుసుకు అతికి ఉంటుంది. ఆ మోటారు ఫ్యానులా గిరగిరా తిరగదు. కొద్ది డిగ్రీలు అటూ ఇటూ కదిలి, చెప్పినచోట ఆగుతుంది. దీన్నే స్కానర్ అనీ, గాల్వో అనీ అంటారు. ఇరుసు ఎక్కడుందో కనిపెట్టే సెన్సర్ ఒకటి లోపలే ఉంటుంది. వెళ్లమన్న చోటుకూ, ఉన్న చోటుకూ మధ్య తేడాను డ్రైవర్ బోర్డు క్షణక్షణమూ సరిదిద్దుతుంటుంది.

లేజర్ పుట్టింది 1960లో. కానీ అద్దాలతో వెలుగును ఆడించడం అంతకు వందేళ్ల ముందుమాట. ఫ్రాన్సులో లిస్సాజూ అనే శాస్త్రవేత్త రెండు శ్రుతిదండాలకు చిన్న అద్దాలు అతికించి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా కంపించేలా పెట్టి, వాటి మీదుగా తెరపైకి వెలుగు పంపాడు. రెండు కంపనాలూ జతగా సాగితే ఏటవాలు గీత వచ్చింది. ఒకటి కాస్త వెనకబడితే ఆ గీత విచ్చుకుని కోలగా మారింది. 1973 నవంబరులో లాస్ ఏంజిలెస్ గ్రిఫిత్ అబ్జర్వేటరీలో ఐవాన్ డ్రయర్ ‘లేజేరియం’ ప్రదర్శన మొదలుపెట్టాక ఈ ఆట ఒక వృత్తి అయింది.

బొమ్మ చెడినప్పుడు లోపం పట్టడానికి లిస్సాజూ కోల ఇప్పటికీ పనికొస్తుంది. రెండు గాల్వోలకూ ఒకే సంకేతం పంపి ఏటవాలు గీత గీయించండి. గీత తిన్నగానే ఉండి వాలు మాత్రం మారితే, ఒక అక్షం పరిమాణం తక్కువగా పెట్టారన్నమాట. మెల్లగా గీసినప్పుడు తిన్నగా ఉండి, వేగం పెంచగానే సన్నటి కోలలా విచ్చుకుంటే, ఒక అద్దం రెండోదాని కన్నా వెనకబడుతోంది. వృత్తం ఏటవాలుగా సాగిపోవడానికీ తరచు ఇదే కారణం. నా మటుకు నాకు ఎన్ని మీటర్లున్నా ఈ ఒక్క గీత చాలనిపిస్తుంది.

ఇక మూలలు. చతురస్రం మూలలు గుండ్రంగా అరిగిపోయినట్టుంటే అద్దానికి అక్కడిదాకా వెళ్లే వ్యవధి చాలడం లేదు. వేగం తగ్గించాలి, లేదా మూల దగ్గర చుక్కలు ఎక్కువ వేయాలి. మూల దాటి చిన్న కొక్కెం తేలితే అది వేరే జబ్బు. జోరు మీదున్న సైకిలు బ్రేకు వేసినా గీత దాటి ఆగినట్టు, అద్దం దూకుడుగా వెళ్లి వెనక్కి వస్తోంది. డ్రైవర్లో ఊపును అణిచే డ్యాంపింగ్ తక్కువైందని అర్థం.

అంతర్జాతీయ లేజర్ ప్రదర్శకుల సంఘం ఇల్డా ఇందుకోసమే ఒక పరీక్షా చిత్రం తయారుచేసింది. అందులో చతురస్రం లోపల వృత్తం ఉంటుంది. నిజానికి కంప్యూటర్ ఆ వృత్తం చుక్కలను చతురస్రం బయటికే వేస్తుంది. అద్దాలు అంతదూరం చేరుకోలేక లోపలే మలుపు తిరుగుతాయి. సరిగ్గా ట్యూన్ చేసిన స్కానర్లో వృత్తం నాలుగు వైపులా చతురస్రాన్ని తాకి ఆగుతుంది. లోపలికి కుంగితే స్కానర్ శక్తికి మించిన వేగం పెట్టారు. బయటికి ఉబ్బితే వేగం మరీ తక్కువ. సెకనుకు ముప్పై వేల చుక్కల స్కానర్ అని డబ్బా మీద రాస్తారే, ఆ మాట ఈ చిత్రాన్ని ఎనిమిది డిగ్రీల కోణంలో గీసినప్పటి సంగతి. తెర నిండా బొమ్మ సాగదీసి అదే వేగం కావాలంటే ఎలా?

రోగం కానివి కూడా కొన్ని ఉన్నాయి. చతురస్రం రెండు అంచులు విల్లులా వంగడం రెండు అద్దాలు కిరణాన్ని ఒకదాని తరువాత ఒకటి తిప్పడం వల్లే. ఒక వైపు వెడల్పుగా, ఒక వైపు ఇరుకుగా పడితే పెట్టెను గోడకు ఏటవాలుగా పెట్టారు. ఈ రెండింటినీ సాఫ్ట్‌వేర్లో సరిచేయవచ్చు.

బొమ్మ ఒక దిశలో సుమారు సగానికి కుంచించుకుపోతే కేబులు చూడండి. ఒక్కో అక్షానికి సంకేతం రెండు తీగల మీద ఎదురెదురుగా వస్తుంది. ఒకటి తెగితే సగమే మిగులుతుంది. చిన్న బొమ్మ బాగుండి పెద్దది మాత్రమే నలిగితే పవర్ సప్లై బరువు మోయలేకపోతోందేమో కొలవాలి. గీతంతా సన్నగా వణుకుతుంటే ఎర్తింగు మీద అనుమానపడాలి.

ఇవన్నీ అయ్యాకే స్క్రూడ్రైవర్. బోర్డు మీది బుల్లి మరలు తిప్పే ముందు వాటి స్థానాలు ఫొటో తీసి పెట్టుకోవాలి. పావు చుట్టు కూడా ఎక్కువే. ఇక్కడ కంటికన్నా చెవికి పని. గాల్వో సన్నగా కీచుమంటే అద్దం అదుపు తప్పి కంపిస్తోంది. వెంటనే కరెంటు ఆపకపోతే లోపలి కాయిల్ కాలిపోతుంది. అద్దం అతుకు వదిలి ఇరుసు మీద కదులుతుంటే మాత్రం ఏ మరా తిప్పి లాభం లేదు. ఆ అద్దం మళ్లీ అతికించాల్సిందే.

బొమ్మ హఠాత్తుగా ఒకే గీతగానో, ఒకే చుక్కగానో కుదించుకుపోతే కారణం వెతకడం తరువాత, ముందు లేజర్ ఆపండి. తెరంతా పరుచుకున్న వెలుగు ఒక్కచోటికి చేరితే కన్ను పోగలదు. మంచి ప్రొజెక్టర్లలో అద్దం కదలిక ఆగగానే కిరణాన్ని ఆపేసే రక్షణ ఉంటుంది. అది మాటిమాటికీ అడ్డుపడుతోందని కొందరు తీగ కలిపి దాన్ని తప్పించేస్తుంటారు. మాటిమాటికీ అడ్డుపడుతోందంటే అద్దం ఎక్కడో మొరాయిస్తోందేమో, ముందు అది చూసుకోవాలి.