బడికొచ్చిన జేజినాయన, గొర్రెపిల్ల

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం మెట్టలో, వేరుశనగ ఎండినా ఇంటిని నిలబెట్టేవి జీవాలే. ఆ జీవాల గురించి బడిలో పాఠం చెప్పాలంటే, మందతో తిరిగిన జేజినాయనకు మించిన అయ్యవారు ఎవరు? చంకలో పెంపుడు గొర్రెపిల్లతో ఆయన్ను ఒక పూట తరగతికి పిలవండి.

గొర్రెపిల్ల నోరు తెరిచి చూపించమనండి. పైదవడలో ముందుపళ్లుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింద ఎనిమిది పాలపళ్లు. ఏడాది, ఏడాదిన్నరకు నడిమి రెండూ ఊడి పెద్దపళ్లు వస్తాయి. సుమారు నాలుగేళ్లకు ఎనిమిదీ మారతాయి. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా అని సంతలో వయసు కట్టేది ఇలాగే. కంటిపాప అడ్డంగా, పొడుగ్గా ఎందుకుందో కూడా పిల్లలే అడుగుతారు: మేస్తూనే చుట్టుపక్కల శత్రువును కనిపెట్టడానికి.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు సూచించింది, స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోమని. ఆ పనివాళ్లలో గొర్రెల కాపరికీ చోటివ్వాలని నా గట్టి కోరిక. గొర్రెపిల్ల చదువుకూ తోడవుతుంది. అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీలో 1999 నుంచి పిల్లలు కుక్కలకు కథలు చదివి వినిపిస్తున్నారు. తడబడినా తప్పుపట్టని శ్రోత కదా! మన గొర్రెపిల్లా అంతే.

గొర్రెపిల్లను పిల్లలు ఒక్కొక్కరే తాకాలి. తర్వాత సబ్బుతో చేతులు కడగాలి. అది పాలు తాగే పిల్లయితే ఆకలి వేళకు తల్లి దగ్గరికి చేర్చాలి.