మన పట్నం మాట మన గొంతులో

(యువజన సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



భద్రాచలం అనగానే బయటివాళ్లకు రాములవారి గుడి గుర్తొస్తుంది. మంచిదే. కానీ ఈ పట్నంలో కూలికి వచ్చేవాళ్లం, హాస్టళ్లలో చదివేవాళ్లం, సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్ముకునేవాళ్లం మనమూ ఉన్నాం. పట్నం పెరుగుతోంది. ఎటు పెరగాలో మాట్లాడుకునే చోట మాత్రం మన గొంతు తక్కువగా వినిపిస్తోంది. అందుకే కోయ భాషలో, తెలుగులో ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలని మేము నిర్ణయించాం. ఫోనులో మాట రికార్డు చేసి, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వినేలా ఉంచడమే పాడ్‌కాస్ట్.

ఏం మాట్లాడాలి అంటారా? ముందు గోదావరి గురించే మాట్లాడదాం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో వరద 75.6 అడుగులకు వచ్చింది, 2022 జూలైలో 71 దాటింది. ఈ అంకెలు టీవీలో చెబుతారు. 48 దాటితే ముందు ఏ వీధిలోకి నీళ్లొస్తాయి, మేకలను ఎటు తోలుకుపోవాలి, పునరావాస కేంద్రంలో బాలింతకు చోటు దొరికిందా అన్నది అక్కడ బతికినవాళ్లే చెప్పగలరు. వాళ్ల మాట వచ్చే వానాకాలానికి ముందే అందరికీ చేరాలి.

రెండోది చట్టం. మనది షెడ్యూల్డ్ ప్రాంతం. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం ఇక్కడ వర్తించదు. పట్నమంత పెరిగినా భద్రాచలం గ్రామ పంచాయతీగానే ఉండటం వెనుక ఈ సంగతి ఉంది. ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 ఉంది. గ్రామసభకు బలమిచ్చే పెసా చట్టం 1996లోనే వచ్చింది. ఈ పేర్లు మనందరం విన్నాం. ఇంట్లో అవ్వకు కోయలో విడమరిచి చెప్పమంటే ఎంతమందిమి చెప్పగలం? ఒక్కో చట్టానికి ఒక్కో భాగం చేద్దాం.

మూడోది చెత్త. 2014 విభజనలో చుట్టుపక్కల పంచాయతీలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. పట్నానికి చెత్త వేసుకునే జాగా కూడా కరువైంది. మన చెత్త ఎక్కడికి పోతోంది, ఎవరి పక్కన పడుతోంది? ఆ పక్కనున్నవాళ్లను అడుగుదాం, పంచాయతీవాళ్లనూ అడుగుదాం. ఇద్దరి జవాబులూ వినిపిద్దాం.

ఈ పని మనకు కొత్తది అనుకోవద్దు. మన డోలీలు వేల్పుల కథలను, ఇంటిపేర్ల చరిత్రను తరతరాలుగా నోటితోనే నిలబెట్టారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ విద్యకే. 2024లో ఆయన వెళ్లిపోయారు. అలాంటి పెద్దలు ఉండగానే వాళ్ల గొంతు మనం దాచుకోవాలి. 2011 లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షల పైచిలుకు. పట్నంలో పెరిగే మన పిల్లలు ఆ లెక్కలో మిగలాలంటే వాళ్ల చెవిన రోజూ కోయ పడాలి.

కొన్ని కట్టుబాట్లు పెట్టుకుందాం. అడగకుండా ఎవరి మాటా రికార్డు చేయొద్దు. పేరు వద్దన్నవాళ్ల పేరు చెప్పొద్దు. కొన్ని వేల్పు పాటలు కొలుపులోనే పాడాలి, బయట పెట్టకూడదు. ఏది పెట్టొచ్చో పెద్దలనే అడుగుదాం. విన్న పుకారును వార్తగా చెప్పొద్దు. ఒక్కో భాగం పది నిమిషాలు దాటొద్దు. సిగ్నల్ లేని గూడేలకు మెమరీ కార్డులో వేసి పంపుదాం.

స్టూడియో కోసం ఆగక్కరలేదు. ఫ్యాను ఆపి, తలుపు మూసి, ఫోను దగ్గరగా పెడితే చాలు. ఈ సమావేశం అయ్యాక కోయ బాగా మాట్లాడేవాళ్లు ఒకవైపు, ఫోనులో ఎడిటింగ్ తెలిసినవాళ్లు ఇంకోవైపు కూర్చోండి. ఇద్దరిద్దరు చొప్పున జట్లు కట్టి, ఒక్కో జట్టుకు ఒక్కో వీధి ఇస్తాం. మొదటి భాగం గోదావరి మీదే. మీ ఇంట్లో 1986 వరద చూసినవాళ్లు ఉంటే ఈ రాత్రే వాళ్ల పక్కన కూర్చోండి.