బెదరిన బిడ్డలు



మనకు మొండితనముగా గానవచ్చు నడత వెనుక నొక్కొక్కప్పుడు మానని గాయ ముండును. ఈ సంగతి నేను పుస్తకమువలన గాక యొక పిల్లవానివలన నేర్చుకొంటిని.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. వేలకొలది జనులు మడిసిరి. మరుసటి యేట నే నచ్చటి యొక పల్లెలో ఉపాధ్యాయుడనుగా నుంటిని. మూడవ తరగతిలో ఎనిమిదేండ్ల బాలు డొకడు. మబ్బుపట్టి గాలి హోరుమన్నంతనే వాడు పలక పారవైచి బయటికి పరుగెత్తెడివాడు, తోడిపిల్లలను గొట్టెడివాడు, నిన్నటి పాఠము నేడు మరచెడివాడు. పొగరని తలంచి యొకనాడు బెత్తముతో గొట్టితిని. వాడు ఏడ్వలేదు. నా మొగమైనను జూడలేదు.

ఆ సాయంకాలము వాని నాయనమ్మ వచ్చి, "పంతులుగారూ, ఆ రాత్రి వీడు తాడిచెట్టు కరుచుకుని బతికాడు బాబూ. తల్లి చెయ్యి వీడి చేతిలోంచే జారిపోయింది. గాలి వినపడితే వీడి కాలు నిలవదు" అనెను. నాకు నోట మాట రాలేదు.

సామాన్యమైన భయము కారణము తొలగినతోడనే తొలగును. ప్రాణముమీదికి వచ్చిన భయ మట్లు గాదు. అది శరీరమున నాటుకొని, దానిని బోలిన చిన్న సవ్వడి వినబడినను, బుద్ధి మేల్కొనకమున్నే గుండెను దడదడలాడించి కాళ్లను పరుగెత్తించును. అందుచే పసివారు మానిన యలవాటు మరల వచ్చి పక్క తడుపుదురు. పెద్దల కొంగు విడువరు. బడి కేగు పిల్లలు నిద్రలో నులికిపడుదురు, నిష్కారణముగా కయ్యమాడుదురు. కొందరు మాటయే మానుదురు. ఇందులకు ఉప్పెనయే రానక్కరలేదు. తండ్రి త్రాగివచ్చి తల్లిని గొట్టు నింట, బిడ్డకు ప్రతిరాత్రియు ఉప్పెనయే.

అయినను నిరాశ వలదు. హవాయి ద్వీపములలోని కవాయియందు 1955లో బుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నరు అను విదుషియు నామె సహచరులును నలువది యేండ్ల ప్రాయమువరకు గమనించుచు వచ్చిరి. పేదరికము, ఇంటి కలహములు మొదలగు పెక్కు కష్టముల నడుమ బెరిగినవారిలో సుమారు మూడవవంతు సమర్థులును దయగలవారును నయిరి. అట్టివారికి గొప్ప యండ యైనది తమను విడువని పెద్దదిక్కు. అవ్వయో, తాతయో, మేనమామయో, గురువో, ఎవరో యొకరు చాలిరి.

కావున ఆ దిక్కు మీరే కావలయును. వేళకు అన్నము, వేళకు నిద్ర అమర్చుడు. "మగపిల్లవాడవు, ఏడ్వరాదు" అనకుడు. చచ్చినవారు ఊరికి బోయిరని బొంకకుడు. జరిగినది చెప్పుమని బలవంతపెట్టకుడు. తానై చెప్పినప్పుడు పని మాని వినుడు. బూచిని జూపి బెదరింపకుడు. నెల గడచినను బాధ తగ్గకున్నను, చావుమాట లాడినను, ఆలసింపక వైద్యునికి జూపుడు. దిష్టి తీసితిమని యూరకుండరాదు.

మరునాడు నేను బెత్తమును అటకపై బెట్టితిని. ఆ బాలుని ద్వారముచెంత గూర్చుండబెట్టి, "గాలి వచ్చునప్పుడు నా చేయి పట్టుకొనుము" అంటిని. తొలుత పట్టుకొనలేదు. కొన్ని వారములకు పట్టుకొనెను. మరుసటి వానకాలమున గాలి వీచినపుడు వాడు ద్వారమువైపు జూచెనే గాని లేవలేదు. ప్రక్కనున్న చిన్నపిల్ల బెదరగా దాని చేయి తానే పట్టుకొనెను.